ముసలితల్లి చేతులు కట్టవచ్చునా?

చదువవలసిన వాక్యభాగములు: యోహాను 21:18, 2 సమూయేలు 19:31-39.



ఈ మాసమున నేను వ్రాయబూనిన సంగతిని ఆదివారపు ప్రసంగములో చెప్పుటకు రెండు పర్యాయములు సిద్ధపడి, రెండు పర్యాయములును మానుకొంటిని. వినువారిలో ఆ కుటుంబమువారు కూర్చుండి యుందురు; నాకు మాట పెగలలేదు. ఇప్పుడు వారి అనుమతి తీసికొని, పేరులు చెప్పక, కాగితముమీద పెట్టుచున్నాను. ఇది వారి తప్పు కాదు. తప్పు ఉన్నయెడల అందులో మొదటి పాలు నాది.

మా గ్రామము గాజువాకకు అవతల నున్నది. ఒకప్పుడు ఇక్కడివారు పొలము దున్నుకొని, పశువులను మేపుకొని బ్రదికిరి. 1933లో విశాఖపట్టణపు రేవు ఓడలకు తెరువబడిన తరువాత కొందరు అక్కడ మూటలు మోయుటకు పోయిరి. 1971లో ఉక్కు కర్మాగారమునకు పునాదిరాయి పడిన తరువాత అనేకులు భూములు విడిచిరి; వారి పిల్లలలో కొందరు ఆ కర్మాగారములోనే ఉద్యోగులైరి. ఆనాడు పడుచువారైన వారే నేడు మన మందిరములలో వెనుక గోడకు ఆనుకొని కూర్చుండు ముసలివారు. వారి కుమారులు ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అని పగలును రాత్రియు పంచుకొని పనిచేయుచున్నారు. ముసలివారి మంచము ప్రక్కను కూర్చుండుటకు ఇంట మనిషి చాలని కాలమిది.

అట్టి యొక ఇంట ఒక మామ్మ యుండెను. ఎనుబది దాటిన వయస్సు. ఆమె పెనిమిటి రేవులో మూటలు మోసి, చాలకాలము క్రిందటనే ప్రభువునందు నిద్రించెను. ఎండకాలము వచ్చినదనగా మామ్మ మా మందిరపు గుమ్మమునొద్ద ఇసుక పోసి, దానిమీద క్రొత్త కుండ నిలిపి, దారిన పోవువారికి నీళ్లు పోసెడిది. వారు ఎవరని ఎన్నడును అడుగలేదు.

రెండేండ్ల క్రిందట మే నెలలో ఆమెకు విరేచనములు పట్టుకొనెను. రెండు దినములలో నాలుక ఎండి, కన్నులు లోతుకు పోయి, మాట తడబడెను. నన్ను చూచి తన పెనిమిటి పేరు పెట్టి పిలిచెను. కుమారుడు సీ షిఫ్టులో నుండెను. కోడలు నాకు కబురు పెట్టగా నేను పోయి చూచి, "ఆలస్యం చెయ్యకూడదమ్మా, సెలైన్ పెట్టించాలి" అని చెప్పి, ఆటోలో పట్టణములోని ఒక ఆసుపత్రికి తీసికొనిపోతిని. అది సరియైన పనియే యని ఇప్పటికిని తలంచుచున్నాను. దాని తరువాత జరిగినదే నా మనస్సును విడువకున్నది.

ముసలివారి నరములు దారములవలె సన్నగిల్లి యుండును. నాలుగైదు చోట్ల పొడిచిన పిమ్మట ముంజేతిమీద సూది నిలిచెను. మొదటి దినము మేలు కనబడెను. మూత్రము వచ్చెను, తెలివి కొంత తిరిగి వచ్చెను. రెండవ రాత్రి ఆమె సూదిని పెరికివేసెను. మరల పెట్టిరి. మరల పెరికెను. అప్పుడు గుడ్డపట్టీలతో ఆమె రెండు చేతులను మంచపు కమ్ములకు కట్టిరి. కట్టునప్పుడు కదలకుండ ఆమె మణికట్టును పట్టుకొన్నవాడను నేనే.

"సేతులిప్పు బాబూ. నానింటికెల్తాను" అని ఆమె అన్నది.

"కాసేపు ఓర్చుకో మామ్మా, నీ మంచికే" అని నేనంటిని.

ఐదవ దినమున తెల్లవారుజామున ఆమె ఆ మంచముమీదనే కన్నుమూసెను. ఇంటికి తెచ్చి స్నానము చేయించునప్పుడు కోడలు ఆమె మణికట్టుమీది నల్లని చారను చూచి, బయటికి వచ్చి నన్నడిగెను: "అయ్యగారూ, మా అత్త ఇంటికెల్తానంది గదా. మనం ఎవుల కోసం ఉంచీసేం?"

నాకు జవాబు దొరకలేదు. సెమినరీలో నేర్చుకొన్న పాఠములన్నిటిలోను వెదకితిని. ఈ వ్యాసము ఆమెకు ఆలస్యముగ ఇచ్చుచున్న జవాబు.

దేహమునకు నీరు చేరు మూడు త్రోవలు

నేను వైద్యుడను గాను. ఇక్కడ చెప్పునది నాకు తెలిసిన ఒక వైద్యుని వలనను, మన సంఘములో నర్సుగా పనిచేయు ఒక సహోదరి వలనను నేర్చుకొన్నది. ప్రతివాడును తన ఇంట సూది పట్టవలెనని కాదు, వైద్యుని ఏమి అడుగవలెనో తెలిసికొనవలెనని చెప్పుచున్నాను.

మొదటి త్రోవ నోరు. దేవుడు పెట్టిన త్రోవ ఇదియే. అయితే ముసలితనమున దాహము మందగించును. మూత్రపిండములు నీటిని నిలుపుకొను శక్తి తగ్గును. పడుచుతనమున దేహపు బరువులో నూటికి సుమారు 60 పాళ్లు నీరుండగా, ముసలితనమున అది ఇంచుమించు సగమునకు దిగును. దీనికి తోడు రాత్రివేళ లేవవలసి వచ్చునని భయపడి నీళ్లు మానుకొను తల్లులు ఎందరో యున్నారు. కాబట్టి అడిగినప్పుడు ఇచ్చుట చాలదు. అడుగక మునుపే ఇయ్యవలెను. గంజి, మజ్జిగ, చోడి అంబలి, విరేచనములైనయెడల ఒక లీటరు నీటిలో కలిపిన ఓ.ఆర్.ఎస్. పొట్లము, ఇవి చెంచా చెంచాగా గంటల తరబడి పట్టవలెను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున పశ్చిమ బెంగాలులోని బనగావ్ శరణార్థుల శిబిరమందు సెలైను సీసాలు చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీటిని నోటితో త్రాగించియే అనేకులను కలరా నుండి బ్రదికించెను. నోటి త్రోవను చిన్నచూపు చూడరాదు. అయితే మింగునప్పుడు పొలమారి దగ్గువారికి బలవంతముగ పోయకూడదు. ఆ నీరు ఊపిరితిత్తులలోనికి పోవును.

రెండవ త్రోవ నరము. 1832లో స్కాట్లండు దేశపు లీత్ పట్టణములో కలరా ప్రబలినప్పుడు డాక్టరు థామస్ లాటా ఉప్పునీటిని నరములోనికి ఎక్కించెను. ఆయన ఈ విధముగ చికిత్స చేసిన మొదటి రోగి ఒక వృద్ధురాలే. చావుబ్రదుకులలో నున్న ఆమె అర్ధగంటలో తేరుకొని మాటలాడెను. అయితే ఆయన వెళ్లిన తరువాత రోగము మరల తిరుగబెట్టి, కొన్ని గంటలకు మరణించెను. ఈ త్రోవ బలము వేగము. నాడి అందనప్పుడు, రక్తము పోయినప్పుడు, తీవ్రమైన వాంతి విరేచనములలో దేహము చల్లబడినప్పుడు, నరమే కావలెను. అప్పుడు 108 బండిని పిలిచి పరుగెత్తవలెను, వాదములు పెట్టుకొనరాదు. అయితే ఆ వేగమే బలహీనమైన గుండెకు అపాయమగును. అధికమైన నీరు ఊపిరితిత్తులలో చేరి ఆయాసము పుట్టించును.

మూడవ త్రోవ చర్మము క్రింద. మనలో చక్కెరవ్యాధి గలవారు ఇన్సులిన్ సూదిని పొట్టమీది చర్మము క్రింద వేసికొనుచున్నారు గదా! ఆ చోటనే, లేక తొడమీద, లేక వీపున భుజపుటెముకల నడుమ, ఒక సన్నని సూదిని పెట్టి, పట్టీ అంటించి, సెలైను సీసాను దానికే తగిలింతురు. నీరు చర్మము క్రిందనున్న వదులు పొరలో చేరి, అక్కడి సన్నని రక్తనాళములలోనికి మెల్లగా ఇంకును. చేనిలో కాలువ నీరు ఇంకినట్లుగా ఇది నిదానమైన పని. సాధారణముగ నిమిషమునకు ఒక మిల్లీలీటరు చొప్పున పోవును. రాత్రి ఎనిమిది గంటలలో సుమారు అర లీటరు, దినమంతటిలో ఒక చోటినుండి ఒకటిన్నర లీటరు వరకు ఎక్కును. సూది పెట్టినచోట కొంచెము ఉబ్బును, ఎరుపును కనబడవచ్చును. సాధారణముగ అవి తగ్గిపోవును. సూది జారిపోయినను రక్తము చిమ్మదు. నర్సు వచ్చి మరియొక చోట పెట్టును. వీపునకు పెట్టినయెడల తికమకపడు ముసలివారి చేతికి అది అందదు. కాబట్టి చేతులు కట్టవలసిన అగత్యము చాలవరకు ఉండదు.

ఈ రెండు సూదులను వృద్ధుల విషయములో పోల్చి చూచిన వైద్యులు, నీరు కొంచెమో మధ్యస్థముగానో తగ్గినప్పుడు రెండింటి మేలును ఇంచుమించు సమానమని కనుగొనిరి. అయితే నాడి పడిపోయినప్పుడు చర్మపు త్రోవ పనికిరాదు. రక్తము గడ్డకట్టని రోగము గలవారికిని, గుండెయో మూత్రపిండములో దెబ్బతిని ఒంట నీరు నిలిచినవారికిని ఇది తగదు. ఏ ద్రవము, ఎంత, ఎన్ని దినములు అనునది వైద్యుడే నిర్ణయింపవలెను. శిక్షణ గల నర్సే పెట్టవలెను.

చిన్న త్రోవ ఎందుకు మరువబడెను?

చర్మము క్రింద నీరెక్కించుట క్రొత్త వింత కాదు. 19వ శతాబ్దమున ఇటలీ దేశపు నేపుల్సు పట్టణములో ఆర్నాల్డో కాంటానీ అను వైద్యుడు కలరా రోగులకు ఈ విధముగ చికిత్స చేసెను. 20వ శతాబ్దపు నడిభాగము వరకు చిన్నపిల్లలకును వృద్ధులకును ఇది వాడుకలో నుండెను. కొందరు ఉప్పు లేని వట్టి గ్లూకోజు ద్రవమును, కొందరు మితిమీరిన గాఢత గల ద్రవములను ఎక్కించుటచేత రోగులకు అపాయము కలిగి, ఆ పద్ధతికి చెడ్డపేరు వచ్చెను. ఆ కాలముననే నరములో పెట్టు సూదులు, గొట్టములు సులభముగ దొరకజొచ్చెను. తప్పు ద్రవముది, నింద త్రోవది! 1980ల తరువాత వృద్ధులను, మరణశయ్య మీదివారిని చూచు వైద్యులు దీనిని మరల చేతబట్టిరి.

మన గ్రామములలో దీని మాట వినబడకపోవుటకు మరియొక కారణము కలదు. నీరసమైన ప్రతివానికిని ఆర్.ఎం.పి. డాక్టరు సీసా కట్టవలెను, అది చుక్కచుక్కగ చేతిలోనికి దిగవలెను. అప్పుడే వైద్యము జరిగినదని మన నమ్మకము. ఆ సీసాలో ఏమున్నదో ఎప్పుడైన అడిగితిమా? ఒక లీటరు సాధారణ సెలైనులో 9 గ్రాముల ఉప్పు ఉన్నది. ఆహారము ఏమియు లేదు. ఐదు శాతపు గ్లూకోజు సీసా లీటరులో 50 గ్రాముల చక్కెర ఉన్నది. అది ఒక పూట అన్నమునకు సరిరాదు. నీరు తగ్గినవానికి అది ప్రాణమే. నీరు తగ్గనివానికి అది చేతికి కట్టిన నమ్మకము మాత్రమే.

నయమాను కథ మీకు తెలియును (2 రాజులు 5). గొప్ప సేనాధిపతి, గొప్ప చికిత్స జరుగునని రథములతో వచ్చెను. ఊరిప్రక్కనున్న యొర్దానులో మునుగుమనగా కోపపడి తిరిగిపోబోయెను. ఏదైన కష్టమైన కార్యము చెప్పియుండినయెడల చేసియుందుము గదా యని దాసులు నచ్చజెప్పగా అప్పుడు దిగెను. మన కోపమును అట్టిదే. పెద్ద గది, పెద్ద బిల్లు, చేతికి కాన్యులా ఉన్నయెడల తల్లిని బాగుగ చూచితిమని తృప్తి. ఇంటిమంచముమీద, వీపునకు సన్న సూది, దూలమునకు కట్టిన సీసా అనగా చిన్నతనము.

మరియొక మంచము

గత సంవత్సరము మా సంఘములో ఒక తాతగారు పక్షవాతము వచ్చి మాట పడిపోయి, మింగుట కష్టమై యుండెను. ఆయన రేవులో పనిచేసి విశ్రాంతి పొందినవాడు. నీరు చాలక మగతగ పడియుండెను. వైద్యుడు వచ్చి పరీక్షించి, నాడి బాగున్నది, అత్యవసరము లేదు, ఇంటనే చర్మము క్రింద పెట్టుదమనెను. నేను ముందు చెప్పిన నర్సు సహోదరి రాత్రి ప్రార్థన వేళ వచ్చి సూది పెట్టి, చుక్కలు సరిచేసి పోయెడిది. తెల్లవారగనే వచ్చి తీసెడిది. నడుమ కుమార్తె కావలి యుండెను. ఆయన రాత్రియంతయు నిద్రించెను. నాలుగవ దినమున కన్నులు తెరచి చూచెను. తరువాత మెల్లగా చిక్కని గంజిని చెంచాతో మింగగలిగెను. ఎనిమిది నెలలు మనుమల నడుమ బ్రదికెను.

ఒక సాయంకాలము నేను ఆ వైద్యునితో మామ్మ సంగతి యంతయు చెప్పి, "ఆమెకూ ఇలా చేసి ఉండవచ్చా?" అని అడిగితిని. ఆయన కొంచెము సేపు ఆలోచించి, "మొదటి రోజు నరమే సరైనది, మీరు తీసుకెళ్లడం మంచిదే. రెండో రోజునుంచి ఆవిడ పీకేస్తున్నప్పుడు ఈ పద్ధతి ప్రయత్నించి ఉండవచ్చు. బ్రతికేదని చెప్పలేను. చేతులు కట్టవలసిన పని మాత్రం ఉండేది కాదేమో. ఎవరైనా అడిగేరా?" అనెను.

ఎవరును అడుగలేదు. నేనును అడుగలేదు. నేను మణికట్టు పట్టుకొనుటలో నుంటిని.

ఎవరి కొరకు?

ఇప్పుడు ఆ కోడలి ప్రశ్నకు వచ్చుచున్నాను. పడుచుతనములో తన ఇష్టమువచ్చిన చోటికి తిరిగినవాడు ముసలితనములో ఇతరుల చేతిలో పడి, తనకు ఇష్టములేని చోటికి మోయబడునని ప్రభువు పేతురుతో చెప్పెను. ఆయన చెప్పినది పేతురు హతసాక్షి మరణమును గూర్చి. ఆ మాటలో శత్రువులు పేతురునకు చేయబోవు క్రియ కనబడుచున్నది. అదే క్రియను ప్రేమ పేరట మన తలిదండ్రులకు మనమే చేయుట ఎంత భయంకరము!

దీనికి ఎదురుగ దావీదు ఏమి చేసెనో చూడుడు. అబ్షాలోము తిరుగుబాటు కాలమున గిలాదీయుడైన బర్జిల్లయి మహనయీములో రాజును పోషించెను. యుద్ధము ముగిసిన తరువాత రాజు ఋణము తీర్చుకొనగోరి, యెరూషలేమునకు రమ్ము, నాయొద్ద నిన్ను పోషింతునని పిలిచెను. బర్జిల్లయికి అప్పుడు ఎనుబది యేండ్లు. తనకు రుచి తెలియదనియు, పాటలు వినబడవనియు, రాజునకు భారమగుట యెందుకనియు చెప్పి, తన ఊరిలో తన తలిదండ్రుల సమాధియొద్ద చనిపోవుటకు సెలవడిగెను. రాజు బలవంతము చేయగలడు. రాజనగరిలో వైద్యులు ఉందురు. కృతజ్ఞత చూపుటకు అదియే మార్గమని లోకము మెచ్చుకొనును. అయినను దావీదు ఆ ముసలివానిని ముద్దుపెట్టుకొని, దీవించి, ఇంటికి పంపెను. సన్మానించుట యనగా ఇది. తన కృతజ్ఞతకంటె ఆ వృద్ధుని కోరికను రాజు గొప్పగ నెంచెను.

మేము మామ్మను సన్మానింపలేదు. మా భయమును శాంతిపరచుకొంటిమి. నలుగురు ఏమందురో అను భయము ఒకటి. ఏమియు చేయలేదను నింద నామీదికి వచ్చునను భయము మరియొకటి. కొన్ని ఇండ్లలో కువైటునుండి కుమారుడు వచ్చువరకైనను ప్రాణము నిలుపవలెనను ఆతురత యుండును. అది దయలేని కోరిక యని నేననను. కాని ఆ దినముల బాధను భరించునది ఎవరు? సీసా కట్టబడినది ఆమె చేతికి, ఊరట కలిగినది మా మనస్సునకు. ఇదియే ఆ ప్రశ్నకు నిజమైన జవాబు: అమ్మా, మా కొరకు ఉంచితిమి.

విశ్రాంతిదినము మనుష్యుని కొరకే నియమింపబడెనని ప్రభువు బోధించెను (మార్కు 2:27). చికిత్సయు అంతే. నరముగాని, చర్మముగాని, నోరుగాని, ఇవన్నియు మనుష్యుని కొరకు. ఏ త్రోవ ఆ మనుష్యునికి తక్కువ బాధతో తగినంత మేలు చేయునో అదియే మంచి త్రోవ. అది పెద్దదా చిన్నదా, నలుగురు చూచునదా చూడనిదా అను లెక్క ప్రేమకు లేదు.

రెండు ప్రక్కల గోతులు

అయితే ఒక మాట స్పష్టముగ చెప్పవలెను. ఈ వ్యాసము చదివి, "ముసలిది గదా, పెద్దాసుపత్రి ఎందుకు, ఇంటనే ఏదో ఒకటి పెట్టించుదము" అని డబ్బు మిగుల్చుకొనువాడు ఉన్నయెడల, వాడు నన్ను తప్పుగ అర్థము చేసికొన్నాడు. విశాఖపట్టణములో 1923 నుండి కింగ్ జార్జి ఆసుపత్రి బీదలకొరకు తెరువబడి యున్నది. నాడి అందని తల్లిని ఇంట నుంచుకొని, ప్రేమతో ఉంచుకొంటిననుట అబద్ధము. గోతి ఒక ప్రక్కనే లేదు. ఆడంబరము ఒక గోయి. పిసినారితనము మరియొక గోయి. మన హృదయము ఏ ప్రక్కకు ఒరుగుచున్నదో మనకు మాత్రమే తెలియును, దేవునికిని తెలియును.

చర్మపు త్రోవ చౌకయైనదే గాని సులభమైనది కాదు. సీసా కట్టి పోయిన తరువాత ఎవరో ఒకరు రాత్రి మేలుకొని యుండవలెను. సూదిచోటు వాచెనేమో, ఆయాసము పుట్టెనేమో చూడవలెను. ఆసుపత్రికి డబ్బు చెల్లించి మనము ఇంట నిద్రింపవచ్చును. ఇక్కడ డబ్బు మిగిలి నిద్ర పోవును. ఈ బరువును ఒక కోడలి మీదనే వేయుట న్యాయము కాదు. ఏ షిఫ్టువాడు రాత్రి, సీ షిఫ్టువాడు పగలు, యౌవనస్థుల కూటమువారు ఆదివారము, అట్లు పంచుకొనవచ్చును. పండుగకు పందిళ్లు వేయుటలో వంతులు వేసికొను సంఘము, ముసలివారి మంచమునొద్ద వంతులు వేసికొనలేదా?

కేరళలోని కోళికోడులో 1993లో కొందరు వైద్యులును సామాన్యులును కలిసి ఒక ఉపశమన చికిత్సా సంఘమును స్థాపించిరి. అది క్రమముగ ఇంటింటికి పోయి నొప్పిని తగ్గించు నర్సులు, స్వచ్ఛంద సేవకుల పెద్ద ఉద్యమమాయెను. మన తెలుగువారిలో హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి అట్టి సేవకు పేరుపొందెను. వారివద్ద బంగారు యంత్రములు లేవు. ఇంటికి వచ్చు ఒక నర్సు, ఒక సంచి, ప్రక్కను కూర్చుండు ఒక మనిషి.

ఆఖరి దాహము

తాతగారి ఎనిమిది నెలలు తీరిన తరువాత రెండవసారి పక్షవాతము వచ్చెను. ఈసారి వైద్యుడు చూచి, దేహము ముగింపునకు వచ్చినది, ఇప్పుడు నీరెక్కించినను అది ఒంట వాపుగా నిలుచును, లేక గొంతులో గురగురయై బాధించును అనెను. కుమార్తె ఏడ్చుచు, "నీళ్లయినా ఇవ్వకుండా ఎలా పంపుతాం అయ్యగారూ?" అని అడిగెను. ఈ ప్రశ్న మనలో ప్రతి ఇంటను రేగును.

అమెరికా దేశములో మరణమునకు దగ్గరైన 129 మంది క్యాన్సరు రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు దినమునకు ఒక లీటరు సెలైను, మరియొక గుంపునకు 100 మిల్లీలీటర్లు మాత్రమే ఎక్కించి చూచిరి. 2013లో ప్రకటింపబడిన ఫలితము ఇది: బాధలోగాని, బ్రదికిన దినములలోగాని చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. అనగా ఆ ఘడియలో నీటి కొరత చేత మనిషి చనిపోవుట లేదు. చనిపోవుచున్నందున దేహము నీటిని కోరుట మానుచున్నది. మిగిలియుండునది నోటి ఎండ. దానికి మందు సీసా కాదు, మనిషి చేయి.

పాతాళములో యాతనపడిన ధనవంతుడు కుండెడు నీళ్లు అడుగలేదు; వ్రేలి కొన తడిపి నాలుక చల్లార్చిన చాలునని వేడుకొనెను (లూకా 16:24). దాహము ఎంత చిన్న దానితో తీరునో ఆ ఉపమానము చెప్పుచున్నది. గంటకొకసారి తడిగుడ్డతో పెదవులు తుడుచుట, రెండు చుక్కలు నాలుకమీద వేయుట, పగిలిన పెదవికి కొంచెము వెన్న రాయుట, ఇది చేయుటకు ఏ డిగ్రీయు అక్కరలేదు. ఆ కుమార్తె రెండు రాత్రులు అట్లు చేసెను. తాతగారు ఆమె చేతిని పట్టుకొనియే వెళ్లిపోయెను. ఆయన మణికట్టుమీద చార లేదు.

ఈ నెలలోనే చేయదగిన పని

మన తలిదండ్రులు తెలివితో నుండగనే, ఒక సాయంకాలము ప్రక్కను కూర్చుండి, "మంచము పట్టినప్పుడు నీకు ఎక్కడ ఉండాలని ఉందమ్మా? ఏది వద్దనుకుంటావు నాన్నా?" అని అడుగుడు. అపశకునమని భయపడవలదు. బర్జిల్లయి ఆ మాట రాజు ముఖముననే చెప్పెను గదా! మన దేశపు అత్యున్నత న్యాయస్థానమును 2018 మార్చి 9వ తేదీన, కోలుకొను ఆశ లేనప్పుడు ప్రాణమును పొడిగించు చికిత్స వద్దని మనిషి ముందుగ వ్రాసియుంచుకొనవచ్చునని తీర్పిచ్చెను. 2023లో ఆ విధానమును సులభము చేసెను. వ్రాత సంగతి ఎట్లున్నను, నోటిమాటయైనను మన చెవులలో నుండవలెను.

సీసా కట్టవలసిన దినము వచ్చినప్పుడు వైద్యుని ఈ మూడు మాటలు అడుగుడు: నోటితో సరిపోవునా? నరమే కావలెనా, చర్మము క్రింద సరిపోవునా? ఇది మేలు చేయుచున్నదో లేదో ఎన్ని దినములకు చూచెదము? మర్యాదగ అడిగినయెడల మంచి వైద్యుడు కోపపడడు. నాలుగవ ప్రశ్న వైద్యునిది కాదు, మనలను మనమే అడుగుకొనవలసినది: ఇది ఎవరి కొరకు?

ఈ ఎండకాలము మామ్మ కోడలు మందిరపు గుమ్మమునొద్ద ఇసుక పోసి క్రొత్త కుండ పెట్టినది. నిన్న నేను ఆ దారిన పోవుచుండగా పిలిచి గ్లాసు నా చేతికిచ్చెను. నేను త్రాగి, "అమ్మా, ఆనాటి నీ ప్రశ్నకు జవాబు రాస్తున్నాను, పత్రికలో వేయవచ్చా?" అని అడిగితిని. "రాయండయ్యగారూ. ఇంకో ముసల్దాని సేతులు కట్టకండా ఉంటే సాలు" అనెను.

ఆమె అనుమతితో వ్రాసితిని. మన ఇండ్లలోని వృద్ధుల చేతులు కట్టబడక, పట్టుకొనబడును గాక. ఆమేన్.